తుర్కపల్లి మైకుసెట్టు

మానవుని కంఠధ్వనికి ఒక హద్దు కలదు. ఎంతటి వక్త అయినా ఆరుబయట నిలిచి, గుంపు చివరన ఉన్నవానికి ప్రతి మాటనూ స్పష్టంగా అందజేయుట కష్టం. ఆ హద్దును దాటుటకు మన పూర్వులు డప్పును ఆశ్రయించినారు. ఊరి నడిబొడ్డున దండోరా వేయించినారు. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ భారాన్ని విద్యుత్తు స్వీకరించినది. 1906లో లీ డి ఫారెస్ట్ మూడు ధ్రువాల వాల్వును రూపొందించినాడు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెన్ అను శాస్త్రవేత్తలు మొదటి ట్రాన్సిస్టరును పనిచేయించి చూపినారు. వారిద్దరికీ, విలియం షాక్లీకీ కలిపి 1956లో నోబెల్ బహుమానం లభించినది. ఆ ఆవిష్కరణలు చేతులు మారి, దేశాలు దాటి, ఇనుప పెట్టె రూపంలో మన పల్లెలకు చేరినప్పుడు మన ప్రజలు దానికి "మైకుసెట్టు" అని పేరు పెట్టుకున్నారు. పాఠ్యపుస్తకాలలో దానిని పవర్ యాంప్లిఫయరు అంటారు. అటువంటి ఒక పెట్టెను శుభ్రపరచి, తిరిగి పలికించిన అనుభవాన్ని తోటి విద్యార్థులతోను, మన కళాశాల పెద్దలతోను పంచుకొనుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

హైదరాబాదు నుండి కరీంనగరు పోయే రాజీవ్ రహదారి మార్గంలో శామీర్‌పేట దాటి పోతే మా ఊరు తుర్కపల్లి వస్తుంది. ఒకనాడు రంగారెడ్డి జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరినది. 1999లో ప్రారంభమైన జీనోమ్ వ్యాలీ వలన ఈనాడు మా ఊరి పేరు శాస్త్రజ్ఞుల లోకానికి సుపరిచితం. 2021 జనవరిలో అత్యవసర వినియోగానికి అనుమతి పొందిన కోవాగ్జిన్ టీకాను తయారుచేసిన భారత్ బయోటెక్ సంస్థ ఇక్కడిదే. టీకాలు తయారయ్యే గదులలోనికి గాలిని సైతం వడగట్టి పంపుతారు. అక్కడ ధూళికణం ప్రవేశించుటయే దోషం. అదే ఊరిలో, మా ఇంటి అటక మీద, పంతొమ్మిది సంవత్సరాల ధూళిని మోస్తూ మా తాతగారి మైకుసెట్టు పడి ఉండినది.

తాతగారు దానిని 1984లో మరొకరి వద్ద పాతదిగానే కొన్నారట. నలభై వాట్ల ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు. ఇంటి కరెంటు మీదను, పన్నెండు వోల్టుల బ్యాటరీ మీదను పనిచేస్తుంది. కరెంటు నిలకడ లేని ఆ రోజులలో ఆ రెండవ సదుపాయమే దానికి అన్నం పెట్టినది. పెండ్లిండ్లకు, బతుకమ్మకు, పీర్ల పండుగకు, ఎన్నికల ప్రచారానికి దానిని కిరాయికి ఇచ్చేవారు. సైకిలు వెనుక పెట్టె, భుజానికి రెండు బూరలు, హ్యాండిలుకు వైరు చుట్టలు తగిలించుకొని తాతగారు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగినారు. మా నాయన చదువు, మా మేనత్త పెండ్లి ఆ కిరాయి మీదనే గడిచినవి. పెట్టె మూత మీద ఊరి పెయింటరు చేత వ్రాయించిన అక్షరాలు ఇంకా ఉన్నవి. ఒక వైపు తెలుగులో, మరొక వైపు ఉర్దూలో, తాతగారి పేరు, దాని క్రింద "మైకుసెట్టు కిరాయికి ఇవ్వబడును" అన్న వాక్యం. గిరాకీ రెండు భాషలలోను వచ్చేది గనుక పెట్టె కూడా రెండు భాషలలో పలకవలసి వచ్చినదని తాతగారు నవ్వుతూ చెప్పేవారు.

గత సంవత్సరం మా పాత ఇల్లు విప్పి కొత్తది కట్టవలసి వచ్చినది. అటక ఖాళీ చేయించే రోజున పాత సామానులు కొనే వ్యాపారి వచ్చి, పెట్టెను తూకం వేసి, లోపలి ట్రాన్స్‌ఫార్మరులో రాగి ఉన్నది గనుక తొమ్మిది వందల రూపాయలు ఇస్తానన్నాడు. నాయన ఇచ్చివేయమన్నారు. తాతగారు ఏమీ మాట్లాడలేదు. లేచి బయటికి పోయి అరుగు మీద కూర్చున్నారు. ఆయన మౌనం నాకు ఒప్పుదల వలె తోచలేదు. మా చిన్నాన్న కొడుకు మరొక ఉపాయం చెప్పినాడు. లోపలి సామానంతా పెకలించి పారవేసి, బజారులో దొరికే చిన్న క్లాస్-డి బోర్డు ఒకటి అమర్చితే పైకి పాతపెట్టె, లోపల కొత్త యంత్రం అవుతుందన్నాడు. అది తెలివితక్కువ సలహా ఏమీ కాదు. ఆ బోర్డులు తీసుకున్న విద్యుత్తులో అధికభాగాన్ని వేడిగా వృథా చేయక ధ్వనిగా మార్చగలవు. అయినా, లోపల ఏది బ్రతికి ఉన్నదో, ఏది చనిపోయినదో తెలియకముందే అన్నిటినీ ఒకే గంపలో పారవేయుట నాకు సమ్మతం కాలేదు. నాయనను ఒక్క నెల గడువు అడిగినాను.

మా వాడకట్టులో, కూతురి ఇంట, వృద్ధుడైన ఒక రేడియో మెకానిక్ ఉన్నారు. సికింద్రాబాదులో నలభై ఏండ్లు మరమ్మతు బల్ల ముందు కూర్చున్నవారు. ఊరంతా ఆయనను ఉస్తాద్ అంటారు. ఇప్పుడు చూపు మందగించినది, చేయి వణుకుతుంది. నేను పెట్టెను తీసుకొనిపోయి, దీనికి ఏమేమి మార్చవలెనని అడిగినాను. ఆయన పెట్టెను తాకి, కొంచెం ఊపి, చెవి ఒగ్గి విని, "పహలే సాఫ్ కరో బేటా, బాద్ మే దేఖ్తే" అన్నారు. ముందు శుభ్రం చేయి, పిదప చూద్దామని దాని భావం. అంతవరకు ప్లగ్గును గోడ దగ్గరికి కూడా తీసుకొనిపోరాదని ఆజ్ఞాపించినారు.

ఆ ఆజ్ఞకు శాస్త్రీయమైన కారణం కలదు. దుమ్ము తేమను పట్టి ఉంచుతుంది. తేమ పట్టిన దుమ్ము గుండా విద్యుత్తు దారి తప్పి ప్రవహించవచ్చును. ఎండిపోయిన కెపాసిటరు ఒక్కసారిగా పూర్తి వోల్టేజికి గురి అయితే షార్టు కావచ్చును; దానితో మంచి భాగాలు కూడా కాలిపోగలవు. చాలా పాత యంత్రాలు అటక మీద చావవు. అటక మీద నుండి దించి, ఆత్రంగా స్విచ్చి వేసిన క్షణంలో చస్తాయని ఉస్తాద్ అంటారు.

మూత విప్పినాము. వాల్వులున్న పాత యంత్రాలలో నాలుగు వందల వోల్టులకు పైబడిన విద్యుత్తు కెపాసిటర్లలో నిలువ ఉండి, ప్లగ్గు తీసిన తరువాత కూడా ప్రాణం తీయగలదు. మాది ట్రాన్సిస్టరు యంత్రం గనుక అంతటి ప్రమాదం లేదు. అయినా పద్ధతి పద్ధతియే గనుక, ఒక రెసిస్టరు రెండు కాళ్లను కెపాసిటరు కొనలకు ఆనించి, ఏమైనా మిగిలి ఉంటే అది హరించుకొనిపోయేటట్లు చేసి, మీటరుతో సున్నా చూసిన తరువాతనే చేయి పెట్టినాము. లోపల బల్లి గుడ్ల పెంకులు, కందిరీగల మట్టిగూళ్లు, ఎలుక కొరికిన వైరు, వీటన్నిటి మీద వేలి మందాన దుమ్ము. ఫ్యూజు ఉండవలసిన చోట ఎవరో ఎప్పుడో రాగి పోచను చుట్టి వదిలినారు. కాలవలసినది కాలకుండా చేసిన ఆ పోచను ఉస్తాద్ వేలితో తాకి చూసి చాలాసేపు తల ఊపినారు.

శుభ్రపరచుటకు నాలుగు రోజులు పట్టినది. ముక్కుకు గుడ్డ కట్టుకొని, మెత్తని పెయింటు బ్రష్షుతో దుమ్మును కదిలిస్తూ, బ్లోయరుతో బయటికి ఊదినాము. నీటిని దగ్గరికి రానీయలేదు. స్విచ్చిల కొనలను, సాకెట్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదితో తుడిచినాము. ధ్వనిని పెంచి తగ్గించే బిరడా తిప్పినప్పుడు బరబరమను చప్పుడు వచ్చుటకు కారణం దానిలోని కార్బను పట్టీ మీద పేరుకున్న మురికి. ఒక చుక్క క్లీనరు పిచికారీ చేసి, బిరడాను ఈ కొస నుండి ఆ కొసకు ముప్పై సార్లు తిప్పవలెను. ఆ తిప్పుడులోనే పట్టీ తనను తాను తుడుచుకుంటుంది. బజారులో "వాల్యూము పోయినది, మార్చవలె" అని తీర్పు చెప్పే జబ్బు ఎన్నోసార్లు ఇంతటితో నయమవుతుంది. మా దానికి నయమైనది.

తరువాత పవర్ ట్రాన్సిస్టర్ల వంతు. టూ-ఎన్-3055 అను రకం ఇవి రెండు. ఒకటి తరంగంలో సగాన్ని, రెండవది మిగిలిన సగాన్ని మోస్తుంది. అరవై వోల్టులను, పదిహేను ఆంపియర్లను తట్టుకోగల గట్టి జాతి ఇది. అయితే దీనికి ఒక్కటే శత్రువు, వేడి. వేడెక్కిన కొద్దీ ట్రాన్సిస్టరు గుండా కరెంటు పెరుగుతుంది; కరెంటు పెరిగిన కొద్దీ మరింత వేడెక్కుతుంది. ఈ చక్రం ఆగకపోతే అది తనను తాను దహించుకుంటుంది. అందువలన దానిని రెక్కలు గల అల్యూమినియం దిమ్మెకు బిగించి, నడుమ పలుచని అభ్రకం రేకు ఉంచుతారు. గూడూరు గనులకు పేరు తెచ్చిన ఆ అభ్రకమే ఇక్కడ కాపలాదారు. అది విద్యుత్తును ఆపుతుంది; వేడిని మాత్రం దాటనిస్తుంది. రేకుకు ఇరువైపులా పూసిన తెల్లని లేపనం మా పెట్టెలో సున్నం వలె ఎండి రాలుతున్నది. దానిని తుడిచి, కొత్త లేపనాన్ని పలుచగా పూసి తిరిగి బిగించినాము. ట్రాన్సిస్టర్లు రెండూ మీటరు పరీక్షలో క్షేమంగా ఉన్నవి. అభ్రకం రేకులు కూడా చెక్కుచెదరలేదు. కడిగి వాటినే వాడినాము.

ఎలుక కొరికిన వైరును తీసి భూమి తీగతో కూడిన మూడు పోచల వైరును, రాగి పోచను తీసి సరైన ఫ్యూజును అమర్చిన తరువాతనే తొలి పరీక్ష. అది కూడా నేరుగా కాదు. పెట్టెకు, గోడ ప్లగ్గుకు నడుమ అరవై వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బును వరుసలో కలిపినాము. యంత్రం లోపల షార్టు ఉంటే కరెంటంతా పారి బల్బు నిండుగా వెలుగుతుంది. వోల్టేజి భారాన్ని తన మీద వేసుకొని యంత్రాన్ని కాపాడుతుంది. యంత్రం క్షేమంగా ఉంటే బల్బు ఒక క్షణం మెరిసి మసకబారుతుంది. ఇరవై రూపాయల బల్బు చేసే ఈ కాపుదలను ఎంత ఖరీదైన మీటరూ చేయజాలదని నాకు తోచినది. మా బల్బు మెరిసినది, మెల్లగా ఎర్రబారినది, ఆరిపోయినంతగా మసకబారినది. ఉస్తాద్ "చలో" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు సగం బలం వచ్చినది.

బూర కలుపగా మాత్రం గుంయ్‌మను ఒకటే రొద వినవచ్చినది. మన దేశపు విద్యుత్తు దిశ మార్చుకుంటూ క్షణానికి యాభై ఆవృత్తులు తిరుగుతుంది. డయోడ్లు దానిని ఒకే దిశకు మళ్ళించగా అది క్షణానికి వంద అలలుగా వస్తుంది. ఆ అలలను చదును చేయుట పెద్ద కెపాసిటర్ల పని. వాటి లోపలి ద్రవం సంవత్సరాల తరబడి ఆవిరి కాగా శక్తి సన్నగిలుతుంది. చదును కాని అలలు ధ్వనిలోనికి చొరబడతాయి. నేను ఆ కెపాసిటర్లను విప్పి మన కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలకు తెచ్చి కొలిచినాను. నాలుగు వేల ఏడు వందల మైక్రోఫారడ్లని పైన వ్రాసి ఉన్నదానిలో మిగిలినది పందొమ్మిది వందలు మాత్రమే. ఈ జాతి కెపాసిటర్లు పెట్టెలో పదకొండు ఉండగా అయిదు దుర్బలమైనవి, ఆరు క్షేమం. కోఠి గుజరాతీ గల్లీకి పోయి ఆ అయిదింటికి సరిజోళ్ళను, మునుపటికంటె తక్కువ కాని వోల్టేజి గలవాటిని, నూట అయిదు డిగ్రీల వేడికి ఓర్చేవాటిని తెచ్చినాను. ఎట్లాగూ విప్పినాము గనుక పదకొండింటినీ మార్చుదామా అని అడిగితే ఉస్తాద్ "బాగున్నవానికి కూడా ఆపరేషన్ చేస్తారా?" అని ఎదురు ప్రశ్న వేసినారు.

అతుకులు వేయుటలో ఆయన నాకు గురువు. తాను చేయి పెట్టలేదు. ప్రక్కన కూర్చొని చూపించినారు. ముందు కొనను, రేకును రెంటినీ వేడి చేయవలె. తరువాత సీసం తీగను వాటికి తాకించవలె. అది నీటి వలె పారి మెరిసినప్పుడు చేయి కదల్చక నిలుపవలె. మసకగా గడ్డకట్టిన అతుకు పైకి అతికినట్లే ఉండి లోపల విడిపోయి ఉంటుంది. పనిముగియగానే చేతులు సబ్బుతో కడుగుకొమ్మని ప్రతిదినం హెచ్చరించేవారు. పాత అతుకులలో ఉన్నది సీసమే గదా. ఆయన దీనిని "టాంకా" అంటారు. డాక్టరు గాయానికి వేసే కుట్టును కూడా ఉర్దూలో టాంకా అనియే అంటారట. మన తెలుగులో టంకం. ఈ రెండు పదాలు వినుటకే చుట్టాల వలె ఉన్నవి. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద చదివే మన కళాశాలలో ఈ సంగతి చెప్పుకొనుట అప్రస్తుతం కాదనుకుంటాను.

ఇక ఆ క్లాస్-డి బోర్డు విషయం. మా యంత్రం చివరన ఒక బరువైన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఉన్నది. వ్యాపారి తూకం వేసినది ప్రధానంగా దానినే. అది ధ్వనిని వంద వోల్టులకు పెంచి తీగల మీదికి పంపుతుంది. కారణమేమనగా, నలభై వాట్లను వంద వోల్టుల వద్ద పంపితే తీగలో పారే కరెంటు ఆంపియరులో పదింట నాలుగు వంతులు మాత్రమే. అదే శక్తిని నేరుగా ఎనిమిది ఓముల స్పీకరుకు పంపితే రెండుంబావు ఆంపియర్లు పారవలెను. తీగలో వృథా అయ్యే శక్తి కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక, అదే తీగలో వృథా ముప్పై రెట్లు అవుతుంది. మన ఊళ్ళకు హైటెన్షన్ తీగల మీద విద్యుత్తు వచ్చే సూత్రమే ఇది. వేపచెట్టుకు ఒక బూర, బడి గోడకు ఒక బూర, వీధి మలుపున ఒక బూర కట్టి అన్నిటికీ సమంగా మాట చేర్చిన రహస్యం ఆ ట్రాన్స్‌ఫార్మరులో ఉన్నది. దానిని పెకలించి చిన్న బోర్డు పెట్టి ఉంటే తాతగారి బూరలన్నీ మూగవోయేవి. రాగికీ ఇనుముకూ ముసలితనం త్వరగా రాదు. తొమ్మిది వందలకు కరగిపోవలసిన భాగమే యంత్రమంతటిలోను ఆరోగ్యవంతమైన భాగమని పరీక్షలో తేలినది.

పెట్టె అంచుల తుప్పును గీకి రంగు వేసినాము గాని మూత మీది అక్షరాలను ముట్టలేదు. తడి గుడ్డతో, కొద్ది సబ్బుతో మెల్లగా తుడువగా రెండు లిపులూ పైకి తేలినవి. చెరిగిన చోట తిరిగి దిద్దించుదామని నేనంటే తాతగారు వద్దన్నారు. వ్రాసిన పెయింటరు ఇప్పుడు లేడు. అతని చేతి వంపు మరొకరికి రాదన్నారు.

పరీక్ష నాడు నేను ధ్వనిని నిండుగా పెంచబోగా తాతగారు చేయి పట్టుకొని ఆపినారు. "మైకు సాఫుగుంటే గట్టిగ పెట్టే పనే లేదు బిడ్డా" అన్నారు. భౌతికశాస్త్రం కూడా ఆయన పక్షమే. చెవికి రెండింతలు బిగ్గరగా వినిపించవలెనంటే శక్తిని సుమారు పది రెట్లు పెంచవలె. నలభై వాట్లు చాలనివాడు నాలుగు వందల వాట్లు తెచ్చినా పొందేది ఆ రెండింతలే. ఇరుగుపొరుగుల నిద్ర మాత్రం పూర్తిగా పోతుంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలలో పగలు యాభై అయిదు, రాత్రి నలభై అయిదు డెసిబెల్సుగా హద్దు విధించినవి; రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడుస్పీకరును సాధారణంగా నిషేధించినవి. ఆ నిబంధనలు చదవకపోయినా వాటి న్యాయం తాతగారికి ఎప్పటినుండో తెలుసు.

గత ఆగస్టు 15న ఆ మైకుసెట్టును ఊరి బడి ఆవరణలో పెట్టినాము. సన్నని గొంతు గల మూడవ తరగతి అమ్మాయి ఒకతె మాట్లాడినది. చివరి వరుసలో కూర్చున్న ముసలివారు సైతం ఆమె మాటలకు తలలూపినారు. తాతగారు బిరడా ప్రక్కన కుర్చీ వేసుకొని, ఆమె గొంతు తగ్గినప్పుడల్లా వెంట్రుకవాసి పెంచుతూ, పెరిగినప్పుడల్లా తగ్గిస్తూ కూర్చున్నారు. పంతొమ్మిది ఏండ్ల తరువాత కూడా ఆ వేళ్ళు తమ పనిని మరువలేదు. నాయన దూరంగా నిలబడి ఆ వేళ్ళనే చూస్తూ ఉండినారు. కొత్త ఇంటిలో అటక లేదు. అయినా మైకుసెట్టుకు ముందుగదిలో ఒక బల్ల వేయించినారు.

మొత్తం ఖర్చు ఆరు వందల నలభై రూపాయలు. అందులో అధికభాగం వైరుకు, కెపాసిటర్లకు. ధూళిని తుడుచుటకు అయినది దూది ఖర్చే. చెడిపోయినదని మనం తీర్పు చెప్పిన వస్తువులలో చాలావాటికి పట్టినది మురికి, వెలితి అయినది ఒకటి రెండు భాగాలు. ఆ భేదం తెలిసికొనుటకు ఓపిక కావలె, కొలిచే సాధనం కావలె, అన్నిటికంటె ముఖ్యంగా తెలిసినవారు ప్రక్కన కూర్చోవలె. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు పారవేసిన వస్తువుల గతిని నిర్ణయిస్తవి. పారవేయవలసినదా కాదా అన్న విచారణ మాత్రం మన బల్ల మీదనే జరుగవలె.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా ఒక విన్నపం. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక మూల ఒక బల్ల, రెండు టంకం వేసే కడ్డీలు, ఒక మీటరు, వరుసలో కలిపిన ఒక బల్బు. వారానికి ఒక సాయంత్రం. ఇంతకు మించి అవసరం లేదు. విద్యార్థులు తమ ఇండ్లలో మూలపడిన రేడియోలను, ఫ్యాన్లను, మైకుసెట్లను తెచ్చుకుంటారు. మా ఉస్తాద్ వంటివారు ప్రతి బస్తీలోను ఉన్నారు; వారిని పిలిచి గౌరవంగా కుర్చీ వేయుదము. తాను రాగలనని ఉస్తాద్ నాతో అన్నారు. చేయి వణికినా చెవి ఇంకా వింటుందన్నారు. ఆయన వినగలిగి ఉండగనే ఆ బల్ల వేయవలెనని నా కోరిక.